కింగ్‌కి ఏ పాట పాడాలి?

ఏప్రిల్ 4 మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన రోజు. ఏప్రిల్ 14 బాబాసాహెబ్ పుట్టిన రోజు. మధ్యలో పది రోజులే. మన సభల్లో ఈ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టేవాళ్లున్నారు. ఫొటో పెట్టటం తేలికే, దండ వెయ్యటం తేలికే. పాట దగ్గరకొచ్చేసరికే చిక్కు. కింగ్‌కి ఏ పాట పాడాలి? ఇది పాటగాళ్లకి వదిలేసే చిన్న విషయం కాదు. మనం ఏ పాట ఏరుకుంటే జనం గుండెల్లో ఆ కింగే మిగులుతాడు.

అమెరికాలో ఏలినవాళ్లు తమక్కావలసిన కింగ్‌ని ఎప్పుడో ఏరుకున్నారు. 1983లో చట్టం చేశారు. 1986 నుంచి జనవరి మూడో సోమవారం కింగ్ పేరు మీద సెలవు. ఆ రోజు తెల్ల నాయకులు కూడా ఆయన కల గురించి తీయగా మాట్లాడతారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో చేసిన ఆ ఒక్క ప్రసంగం దగ్గరే ఆయన్ని ఆపేశారు. మరి 1967లో వియత్నాం యుద్ధాన్ని తప్పుపట్టిన కింగ్ ఏమయ్యాడు? 1968లో పేదలందర్నీ కూడగట్టి రాజధాని మీదకి నడిపించబోయిన కింగ్ ఎక్కడికి పోయాడు? తీపి పాట పాడేవాళ్లకి ఆ కింగ్ అక్కర్లేదు.

ఆయన చివరి రోజులు చూడండి. మెంఫిస్ పట్నంలో చెత్త ఎత్తే కార్మికులు నల్లవాళ్లు. 1968 ఫిబ్రవరి 1న వానకి తలదాచుకోటానికి ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి తిరిగింది. ఇద్దరూ నలిగి చచ్చిపోయారు. ఫిబ్రవరి 12న 1,300 మంది పని ఆపేశారు. మెడలో అట్టలు కట్టుకుని నడిచారు. వాటిమీద ఒకటే మాట: ‘నేను మనిషిని’. కూలి పెంచమన్న మాట కంటే ముందు ఈ మాట చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లకి తోడుగా వచ్చే కింగ్ అక్కడ ప్రాణం పోగొట్టుకున్నాడు.

తుపాకి పేలటానికి కొద్ది క్షణాల ముందు ఆయన అడిగింది కూడా పాటే. ఆ రాత్రి సభలో ‘ప్రెషస్ లార్డ్’ వాయించమని బెన్ బ్రాంచ్ అనే వాద్యగాడికి చెప్పాడు. అది దేవుడి పాటే. కానీ కట్టింది ఎవరు? థామస్ డోర్సీ. ఒకప్పుడు ‘జార్జియా టామ్’ పేరుతో బ్లూస్ వాయించినవాడు. 1932లో కాన్పులో భార్య పోయింది, వెంటనే బిడ్డా పోయాడు. ఆ దుఃఖంలో కట్టిన పాట అది. కింగ్ అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ పాడింది ఆ పాటే.

బ్లూస్ అంటే ఏంటి? పత్తి చేలల్లో, రైలు కట్టల మీద, జైళ్లలో నల్లవాళ్లు పాడుకున్న పాటల్లోంచి పుట్టుకొచ్చిన పాట. ఒక మాట పాడి, మళ్లీ అదే పాడి, మూడోసారి దానికి జవాబు చెప్తారు. నల్ల చర్చి పెద్దల్లోనే చాలామంది దాన్ని సైతాను పాట అన్నారు. మన డప్పుని మైల అన్నట్టే. చావుకీ జాతరకీ డప్పు కావాలి, కొట్టేవాడు మాత్రం అరుగెక్కకూడదు! కింగ్ పాస్టరే అయినా 1964లో బెర్లిన్ సంగీత ఉత్సవానికి రాసిన మాటల్లో బ్లూస్‌కి గౌరవమిచ్చాడు. బతుకు కష్టాన్ని చెప్పేది ఆ పాటేనన్నాడు.

అందుకే మేమనేది, కింగ్‌కి పాట ఏరేటప్పుడు పనిచేసేవాడి నోట పుట్టిన పాట ఏరండి. పనిలో, కూలిలో రంగుని బట్టి జరిగే అన్యాయం మీద బిగ్ బిల్ బ్రూన్జీ పాట కట్టాడు. అమెరికా కంపెనీలు రికార్డు చెయ్యమన్నాయి. 1951లో పారిస్ పోయి రికార్డు చేశాడు. అలబామాలో సాగిన దౌర్జన్యం మీద జె.బి. లెనోర్ 1965లో ‘అలబామా బ్లూస్’ పాడాడు. మిసిసిపి పత్తి తోటలో పెరిగిన పాప్స్ స్టేపుల్స్, బడికెళ్లిన తొమ్మిదిమంది నల్ల పిల్లల్ని లిటిల్ రాక్‌లో అడ్డుకోవటం చూసి ‘వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్’ కట్టాడు. తన ప్రసంగానికి ముందు కింగ్ అడిగి పాడించుకున్న పాట అది. కింగ్ చనిపోగానే ఓటిస్ స్పాన్ పియానో ముందు కూర్చుని ఆయన పేరుమీదే బ్లూస్ పాడాడు. అందరికీ తెలిసిన ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ కూడా వదలొద్దు. కానీ పాడేముందు ఒక మాట చెప్పండి. 1945-46లో చార్లెస్టన్ పొగాకు ఫ్యాక్టరీ సమ్మెలో ఆడకూలీలు పాడి నిలబెట్టిన పాట అది. అది చెప్తే బీడీలు చుట్టే అక్కకి, పొగాకు గ్రేడింగు చేసే చెల్లెకి ఆ పాట పరాయిది కాదు.

ఇదంతా మనకెందుకంటారా? 1959లో కింగ్ మన దేశం వచ్చాడు. కేరళలో దళిత పిల్లల బడిలో ఆయన్ని ‘అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు’ అని పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమంది. ఆలోచిస్తే అది నిజమేననుకున్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు నల్లవాళ్ల ఉద్యమం నుంచే తెచ్చుకున్నారు. మెంఫిస్ కార్మికులు ఏప్రిల్ 16న సంఘాన్ని గుర్తింపజేసుకుని, కూలి పెంచుకుని సమ్మె విరమించారు. మన దగ్గర 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా మ్యాన్‌హోళ్లలో మనోళ్లు ఊపిరాడక చస్తూనే ఉన్నారు.

కార్యకర్తలకి మా మాట ఇదీ. కింగ్ సభైనా, బాబాసాహెబ్ జయంతైనా, నాయకుణ్ణి దేవుణ్ణి చేసే సినిమా వరసల పాట పక్కనపెట్టండి. ఊళ్లో చెత్త ఎత్తే అన్నని, నాట్లేసే అమ్మని ముందు పిలవండి. వాళ్లకొచ్చిన పాటతో సభ మొదలుపెట్టండి. ఆ తర్వాతే ఉపన్యాసాలు. పాట పాడినవాళ్లకి వేదిక మీద కుర్చీ వెయ్యండి. అరుగెక్కనివ్వని డప్పుని మనమైనా పైకెక్కించకపోతే ఇంకెవరు ఎక్కిస్తారు?

జై భీమ్!