'అడ్జస్ట్' అంటే ఎన్ని గంటలు?

సాఖర్ పేట నుంచి భద్రావతి పేట దాకా మన షెడ్లలో ఇంగ్లీషు చదివినవాళ్లు కొద్దిమందే. ఇంగ్లీషు మాటలు మాత్రం సాంచాల చప్పుడుతో పాటు రోజంతా వినబడుతూనే ఉంటాయి. షిఫ్టు, పీస్ రేటు మన నోట నలిగిన మాటలే. షిఫ్టుకు మొదలు, చివర ఉన్నాయి. పీస్ రేటుకు రూపాయల లెక్క ఉంది. వాటితో మనకు పేచీ లేదు.

పేచీ అంతా 'అడ్జస్ట్ చేసుకో', 'మేనేజ్ చెయ్యి', 'టార్గెట్ పూర్తి చెయ్యి' అనే మాటలతోనే. వీటిలో గంటలు లేవు, పగారు లేదు. పని ఒక్కటే ఉంది.

రెండో షిఫ్టు మనిషి రాడు. 'కొంచెం అడ్జస్ట్ చెయ్యి' అంటారు. ఆ కొంచెం నాలుగు గంటలవుతుంది. ఆ పనికి చట్టం పెట్టిన పేరు ఓవర్‌టైం. దానికి రెట్టింపు వేతనం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2020లో చేసిన కోడ్ కూడా ఆ మాటే చెప్పింది. ఓవర్‌టైం అంటే డబ్బు లెక్కగట్టాలి. అడ్జస్ట్ అంటే భుజం తట్టి పంపించవచ్చు!

నూలు రాలేదని 'నాలుగు రోజులు రెస్ట్ తీసుకో' అంటారు. దీని పేరు లే ఆఫ్. యాభై మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికునికి మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారం రావాలి. యాభై మంది లేని చిన్న షెడ్లలో ఈ హక్కు లేదు. అక్కడ మనకు ఐకమత్యమే దిక్కు.

ఈ మాటల ఆట కొత్తది కాదు. బొంబాయి మిల్లుల్లో ఒకప్పుడు 'ఎఫిషియెన్సీ' అన్నారు. రెండు మగ్గాలు నడిపేవాడు మూడు నడపాలనేదే దాని అర్థం. ఆ అర్థం తెలిసిన లక్షమందికి పైగా కార్మికులు 1928లో ఆరు నెలలు సమ్మె చేశారు.

సోదర సోదరీమణులారా! ఇంగ్లీషు రాదని తల దించుకోవద్దు. అలాంటి మాట చెవిన పడగానే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని గంటలు? ఎన్ని సాంచాలు? ఎంత పగారు? జవాబును తేదీతో సహా నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కరే అడిగితే 'ఎదురు మాట్లాడుతున్నాడు' అంటారు. షెడ్డంతా కలిసి అడిగితే లెక్క చెప్పక తప్పదు.