డాబా మీది కరెంటు

హైదరాబాద్ నల్లకుంటలో అపార్ట్‌మెంటు డాబా అంటే నీళ్ల ట్యాంకులు, కేబుల్ తీగలు, సంక్రాంతికి గాలిపటాలు, ఎండాకాలం వడియాలు. మిగతా ఎండంతా వృథా. పీఎం సూర్యఘర్ పథకం 2024లో వచ్చాక సొంతిల్లున్నవాళ్లు 3 కిలోవాట్లకు 78 వేల రాయితీతో సోలార్ ప్యానెళ్లు బిగించుకుంటున్నారు. ఫ్లాటువాళ్లం మాత్రం అది మనకు కాదులే అనుకున్నాం. మనకూ ఉంది. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్లు నడిచే ఉమ్మడి మీటరుకు అసోసియేషన్ పేరిట పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేలిస్తారు. 10 కిలోవాట్లకు సుమారు 100 చదరపు మీటర్ల నీడపడని చోటు కావాలి, రోజుకు దాదాపు 40 యూనిట్లు వస్తాయి. లెక్క తేలికే, చిక్కంతా జనరల్ బాడీ మీటింగులోనే. ఫ్లాటు అద్దెకిచ్చి అమెరికాలో ఉన్న ఓనరు ఒప్పుకోవాలి, స్లాబు కారితే ఎవరు చూస్తారో తేలాలి, నెలనెలా మెయింటెనెన్సే కట్టనివాళ్లు వాటా కట్టాలి. అయినా కరెంటును కలిసి నడుపుకోవడం మనకు కొత్తేం కాదు. సిరిసిల్లలో 1970లో పుట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ పిలిచే 'సెస్', ఇప్పటికీ కరెంటు పంపిణీ చేస్తోంది. డైరెక్టర్లను వినియోగదారులే ఓట్లేసి ఎన్నుకుంటారు. అందులో రాజకీయాలు దూరాయంటారు. మన అసోసియేషన్లలో లేవా ఏంటి? నేను ఇంకో అడుగు ముందుకెళ్లమంటాను: ఒకే డాబా మీది కరెంటును ఫ్లాట్లవారీగా బిల్లుల్లో పంచాలి. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే ఇందుకు మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడ ఆ సంగతి కరెంటు పంపిణీ సంస్థ డిస్కంను గట్టిగా అడగాల్సింది మనమే. అడుగుతూనే, ఉమ్మడి మీటరుకు దరఖాస్తు పెట్టేయొచ్చు.