ఆ దేహం ఎవరి సొత్తు?

మసామునే షిరో 1989లో మొదలుపెట్టిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' మాంగాలోని మోటోకో కుసనాగి అంటే పోస్ట్‌హ్యూమనిస్టు విమర్శకులకి మహా ముద్దు. మెదడు మినహా దాదాపు ఒళ్ళంతా యంత్రమే కాబట్టి ఆమె స్త్రీపురుష భేదాన్ని దాటేసిందట! మరి ఆ యంత్రానికి అంత కొలిచినట్టు రొమ్ములూ నడుమూ ఎవరి కళ్ళ కోసం గీశారు?

అది చిన్న ప్రశ్నే. మమోరు ఓషి 1995లో తీసిన సినిమాలో కుసనాగి తనే చెబుతుంది: ఉద్యోగం మానేస్తే ఈ శరీరాన్నీ, అందులోని జ్ఞాపకాలనీ ప్రభుత్వానికి అప్పజెప్పి పోవాలని. మన భాషలో దీన్ని వెట్టి అంటాం. విముక్తి అని నేనెలా ఒప్పుకోను? చివరికి ఆమె స్వేచ్ఛగా నెట్‌లో కలిసిపోయిందిగా అంటారు. కలిసింది, నిజమే. కానీ గది దాటి వెళ్ళడానికి బాటో నల్లబజారులో సంపాదించిన చిన్నపిల్ల దేహమే గతి అయింది.

వీళ్ళు మాటకి ముందు తలచుకునే డోనా హారవే 1985 నాటి 'సైబోర్గ్ మానిఫెస్టో'లో జపాన్, అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనిచేసే ఆగ్నేయాసియా పల్లెటూరి స్త్రీల గురించి కూడా రాసింది. ఆ వాక్యాలు వదిలేసి ఆమెని ఉటంకించడం ఎలా కుదురుతోంది? సైబోర్గుల కలలకి కావలసిన చిప్పులు కూర్చింది ఆ చేతులే కదా!