గుండె కణానికీ అదను ఉంటుంది

ఫలదీకరణం జరిగిన దాదాపు 22 రోజులకే పిండంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అంతకు వారం ముందు ఆ కణాలకు ఏ ప్రత్యేకతా లేదు. మరి గుండె కండరంగా మారాలని వాటికి ఎవరు చెప్పారు?

తొలి ఆధారం పండ్ల ఈగలో దొరికింది. ఒక జన్యువు లోపిస్తే ఈగ పిండంలో గుండే ఏర్పడదని 1993లో తేలింది. పిల్లల కథలోని హృదయం లేని రేకు మనిషి పేరు మీద ఆ జన్యువును ‘టిన్‌మ్యాన్’ అన్నారు. మనుషుల్లో దానికి సాటి జన్యువు ఎన్‌కేఎక్స్2-5. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా పుట్టుకతో వస్తున్న గుండె రంధ్రాలకు ఇందులోని లోపాలే కారణమని 1998లో బయటపడింది.

అయితే ఒక్క జన్యువుతోనే పని జరగదు. కణం ఎక్కడుంది, పొరుగు కణాల నుంచి ఏ కబురు, ఎప్పుడు అందింది అన్నవీ ముఖ్యమే. ‘వింట్’ అనే రసాయన సంకేతాన్నే చూడండి. మొదట్లో అది ఉండాలి. కొద్ది రోజుల తర్వాత కూడా కొనసాగితే అదే అడ్డంకి. అందుకే ప్రయోగశాలలో మూలకణాల నుంచి గుండె కణాలను పెంచేవారు ముందు దాన్ని పెంచి, తర్వాత అణచివేస్తారు. సేద్యంలో లాగే ఇక్కడా అదను తప్పితే పంట దక్కదు.

ఈ పాఠాన్ని మరచిన తొందరకు మూల్యం ఉంది. ఎముక మజ్జ కణాలను దెబ్బతిన్న గుండెలోకి ఎక్కిస్తే కొత్త కండరం వస్తుందని 2001లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధన చెప్పింది. మనుషులపై పరీక్షలూ త్వరగానే మొదలయ్యాయి. 2004లో ఇతర బృందాలు పరిశీలిస్తే ఆ కణాలు గుండె కండరంగా మారనే లేదు. గుండెపోటుతో పోయిన కండరం మళ్లీ పెరగడం ఎంత కష్టమో తెలిసిందే: 25 ఏళ్ల వయసులోనే ఏడాదికి సుమారు ఒక శాతం గుండె కండర కణాలే కొత్తవి వస్తాయి, 75 ఏళ్లకు అందులో సగం కూడా రావు. నిరాశలో ఉన్న రోగికి ‘మూలకణ చికిత్స’ ప్రకటన ఆకర్షణగా కనిపించడం సహజం. కానీ ఆమోదం పొందిన కొన్ని రక్త సంబంధ వ్యాధులకు మినహా, మూలకణాల వాడకం క్లినికల్ పరీక్షలకే పరిమితం కావాలని మన దేశంలోని 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ హద్దును కచ్చితంగా అమలు చేయాలి.

ఈగలపై, చేపలపై పరిశోధన ఎందుకని అడిగేవారికి జవాబు కూడా ఇదే. గుండె ఎలా తయారవుతుందో తెలియకుండా దాన్ని బాగుచేయలేం. పిండ దశను ఓపికగా చదివే శాస్త్రానికి నిధులు ఇవ్వడం రేపటి వైద్యానికి నేడు విత్తనం వేయడమే.