డావిన్చీ బొమ్మకు దారిసుంకం

లియొనార్డో డావిన్చీ 1519లో పోయాడు. ఆయన గీసిన ‘విట్రూవియన్ మ్యాన్’ మీరూ చూసే ఉంటారు, చక్రంలో కాళ్లూ చేతులూ చాచి నిలబడ్డ మనిషి. ఆ బొమ్మతో పజిల్ చేసి అమ్మినందుకు జర్మనీ కంపెనీ రావెన్స్‌బర్గర్‌ను 2022లో వెనిస్ కోర్టు ఆపమంది. ఆపకపోతే రోజుకు 1,500 యూరోలు కట్టాలంది.

కాపీరైట్ ఊసే లేని బొమ్మకు ఈ కట్టడి ఎక్కడిది? ఇటలీ 2004లో చేసుకున్న సాంస్కృతిక సంపద చట్టంలోంచి వచ్చింది. ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న వస్తువు రూపాన్ని వ్యాపారానికి వాడాలంటే దాన్ని కాపాడే సంస్థను అడగాలి, రుసుమూ కట్టాలి. కళల పోషణకు నాలుగు డబ్బులొస్తే మంచిదేగా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

అదే చట్టం కింద ఫ్లోరెన్స్ కోర్టు ఇచ్చిన మరో తీర్పు చదివాక గుండె జారింది. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్‌ను ఒక పత్రిక ముఖచిత్రంపై మోడల్ బొమ్మతో కలిపేసింది. 2023లో కోర్టు 50,000 యూరోలు కట్టమంది. అందులో 20,000 ఎగ్గొట్టిన రుసుముకు. మిగతా 30,000 బొమ్మను అలా వాడి దాని గౌరవం తగ్గించినందుకు! సుంకం వసూలుకు కూర్చున్నవాడు మర్యాదలు కూడా నేర్పుతున్నాడన్నమాట. రేపు వ్యంగ్యచిత్రం గీసేవాడి గతేమిటి?

అర్జెంటీనాది వేరే దారి. 1958లో అక్కడ కాపీరైట్ తీరిన రచనల వాడకంపైనా రుసుము పెట్టారు. అది జాతీయ కళానిధికి చేరి కళాకారులకు అప్పులుగా, ఉపకార వేతనాలుగా వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఆ నిధినే ఎత్తేద్దామని 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం బిల్లు తెచ్చింది.

మళ్లీ రావెన్స్‌బర్గర్ కథకొస్తే, ఇటలీ చట్టం ఇటలీ బయట చెల్లదని 2024లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ కోర్టు చెప్పింది. అలాగని ధీమా పడకండి. డావిన్చీ బొమ్మ వేసిన క్యాలెండరో టీషర్టో ఇటలీకి పంపేవాళ్లు ముందు వకీలును అడగండి.

మన చట్టంలో ఇలాంటి రుసుము లేదు. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్, ఆపైన అందరి సొత్తు. 1915లో పోయిన గురజాడను ఎవరైనా అచ్చేయవచ్చు, 1979లో పోయిన చలం కోసం 2039 దాటేదాకా ఆగాలి. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమలలో దొరికాయి. రేకులు కాపాడేవాళ్లు వేరు, ఆ మాటలు అందరివీ. ఈమధ్య కట్టిన బాణీకి, చేసిన రికార్డింగుకి మాత్రం వేరే హక్కులుంటాయి.

కాపాడటానికీ సొంతం చేసుకోవడానికీ మధ్య ఉన్న తేడా చెరిగిపోయే చోటు చట్టసభ ఒక్కటే కాదు, ఒప్పందం కాగితం కూడా. తాళపత్రాలు స్కాన్ చేయించే గ్రంథాలయాలూ, పాత ఫొటోలు అప్పగించే కుటుంబాలూ సంతకానికి ముందు ఒక్క షరతు వెతకండి: ఆ స్కాన్ల వాడకానికి అనుమతి ఎవరిని అడగాలని రాశారు? అక్కడ ఒక్క సంస్థ పేరే ఉంటే, సంతకం ఆపండి.