ఎన్.బి.ఏ. జామ్: ఆసరా వేరు, తొండి వేరు



ఆటలో వెనకబడినవాడికి ఆసరా ఇవ్వవచ్చా? ఇస్తే అది ఆటే అనిపించుకుంటుందా? ఈ ప్రశ్న మీద ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు న్యాయశాస్త్రం చదివిన పండితులు కారు. ఎన్.బి.ఏ. జామ్ అనే పాత బాస్కెట్ బాల్ వీడియో గేమ్ అభిమానులు. వార్షికోత్సవ సంచికలో వీడియో గేమ్ గురించి వ్యాసమేమిటని వార్డెన్ గారికి, పెద్దలకు అనిపించవచ్చు. కానీ ఈ వాదన చివరిదాకా వింటే, ఇది మన హాస్టల్ గ్రౌండులో రోజూ జరిగే గొడవేనని మీరే ఒప్పుకుంటారు.

మన తరం హాస్టల్ విద్యార్థులకు వీడియో గేమ్ అంటే బస్టాండు పక్క షాపులో కాంట్రా, మారియో. ఎన్.బి.ఏ. జామ్ నాకు తెలిసిన షాపుల్లో ఉండేది కాదు. ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళాక ఒక సీనియర్ కంప్యూటర్లో మొదటిసారి ఆడాను. అప్పటినుంచి ఈ ఆట వరసలో వచ్చినవన్నీ వీలు దొరికినప్పుడల్లా ఆడుతూనే ఉన్నాను. కనుక ముందు ఆట సంగతి చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెబుతాను.

ఎన్.బి.ఏ. అంటే అమెరికాలోని ప్రొఫెషనల్ బాస్కెట్ బాల్ లీగ్. చికాగో నగరంలోని మిడ్‌వే అనే కంపెనీ ఆ లీగ్ అనుమతి తీసుకుని 1993లో ఈ ఆటను వీడియో గేమ్ పార్లర్లలోకి విడుదల చేసింది. తయారుచేసిన బృందానికి నాయకుడు మార్క్ టర్మెల్ అనే ప్రోగ్రామర్. అసలు బాస్కెట్ బాల్లో జట్టుకు అయిదుగురు ఆడతారు, ఇందులో ఇద్దరే. అప్పట్లో లీగులో ఉన్న 27 జట్ల నుంచి ఇద్దరేసి నిజమైన ఆటగాళ్ళను, వాళ్ళ ముఖాలతో సహా తెర మీదికి తెచ్చారు. ఒకే మిషన్ ముందు నలుగురు నిలబడి ఆడవచ్చు. తోసెయ్యవచ్చు, ఫౌల్ లేదు. బుట్టలోకి దిగుతున్న బంతిని అడ్డుకోవడం వంటి ఒకటి రెండు తప్పులు మాత్రమే పట్టుకుంటారు. ఆటగాడు మనిషి ఎత్తుకు రెండు మూడింతలు గాలిలోకి లేచి, గిరగిరా తిరిగి బంతిని బుట్టలో కుక్కుతాడు. వ్యాఖ్యాత టిమ్ కిట్జ్‌రో గొంతు చించుకుని "బూమ్‌షకలకా!" అంటాడు. ఆ కేకకు అర్థం వెతకనక్కరలేదు, వింటే చాలు, ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ ఆటలో అందరికీ గుర్తుండిపోయేది మంట. ఒకే ఆటగాడు వరుసగా మూడుసార్లు బంతిని బుట్టలో వేస్తే అతనికి "మంట అంటుకుంటుంది". చేతిలో బంతి నిజంగానే మండుతూ కనిపిస్తుంది. అక్కడినుంచి ఎంత పరుగెత్తినా అలుపు ఉండదు, ఎంత దూరం నుంచి విసిరినా దాదాపు బుట్టలోనే పడుతుంది. బుట్టలోకి దిగుతున్న బంతిని ఆపినా తప్పు పట్టరు. ఎదుటి జట్టు ఒక బుట్ట వేసేదాకా, లేదా ఇతను ఇంకో నాలుగు వేసేదాకా ఆ మంట ఆరదు. నాణేల రూపంలోనే ఈ మిషన్లు 100 కోట్ల డాలర్లు వసూలు చేశాయని చెబుతారంటే, అక్కడి పిల్లలు దాని ముందు ఎలా నిలబడిపోయారో ఊహించుకోవచ్చు.

ఇక అభిమానుల గొడవలకు వద్దాం. మొదటి గొడవ, ఈ వరసలో ఏ ఆట గొప్పదని. 1993 నాటి మొదటి ఆటే అసలైనదని కొందరు, 1994లో వచ్చిన టోర్నమెంట్ ఎడిషన్‌లో ఆటగాళ్ళు పెరిగారు, వాళ్ళ బలాబలాలు వివరంగా చూపించారు కాబట్టి అదే మేలని ఇంకొందరు అంటారు. తర్వాత ఆట పేరు మీద హక్కు అక్లైమ్ అనే వేరే కంపెనీకి పోయింది. తయారుచేసినవాళ్ళేమో 1996లో ఎన్.బి.ఏ. హ్యాంగ్‌టైమ్ అని కొత్త పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. అదే 1996లో అక్లైమ్ వాళ్ళు పాత పేరుతో, కొత్త వ్యాఖ్యాతతో జామ్ ఎక్స్‌ట్రీమ్ తెచ్చారు. పేరు ఒకచోట, ప్రాణం ఇంకోచోట అన్నట్టయింది. నా మటుకు నేను హ్యాంగ్‌టైమ్ పక్షం. మన పేరుతో మన ఆటగాడిని మనమే తయారుచేసుకుని దింపుకోవచ్చు. 2010లో ఈ.ఏ. స్పోర్ట్స్ కంపెనీ కిట్జ్‌రోను మళ్ళీ పిలిపించి పాత పేరుతోనే కొత్త ఆట తెచ్చింది. అది ముచ్చటగానే ఉంది గానీ, నలుగురు భుజాలు ఆనించుకుని ఒక మిషన్ ముందు ఆడిన రుచి వేరు.

రెండో గొడవ మైకేల్ జోర్డాన్ గురించి. అతను ఆడుతున్న రోజుల్లో వచ్చిన ఆటలో అతనే లేడు! ఆటగాళ్ళందరూ కలిసి ఇచ్చే అనుమతిలో అతను లేకపోవడమే కారణం. అతని జట్టు చికాగో బుల్స్ తరఫున స్కాటీ పిప్పెన్, హోరస్ గ్రాంట్ ఆడతారు. ఇది తీరని కొరత అని కొందరు అంటారు. నేను మాత్రం మంచిదే జరిగిందంటాను. జోర్డాన్ ఉంటే అందరూ అతన్నే పట్టుకునేవారు, మిగతా జట్లను ఎవరు చూసేవారు?

మూడో గొడవే అసలు గొడవ. ఈ ఆటలో "కంప్యూటర్ సాయం" అని ఒక ఏర్పాటు ఉంది. బంతి విసిరిన ప్రతిసారీ అది పడాలా వద్దా అని కంప్యూటర్ లెక్క వేస్తుంది. విసిరినవాడి నైపుణ్యం ఎంత, ఎంత దూరం నుంచి విసిరాడు, ఎదురుగా అడ్డున్నదా అని చూస్తుంది. దాంతోపాటు స్కోరు కూడా చూస్తుంది. ఒక జట్టు బాగా వెనకబడితే ఆ జట్టు బంతులు పడే అవకాశం కాస్త పెంచుతుంది, ముందున్న జట్టుకు కాస్త తగ్గిస్తుంది. అందుకే ఈ ఆటలో చాలా మ్యాచ్‌లు చివరి క్షణం దాకా నువ్వా నేనా అన్నట్టు సాగుతాయి.

దీన్ని తిట్టే అభిమానులు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట ఇది: "నేను కష్టపడి సాధన చేశాను, పది పాయింట్లు ముందున్నాను. నా బంతి రింగుకు తగిలి బయటపడుతుంది, చేతగానివాడి బంతి సగం గ్రౌండు నుంచి పడుతుంది. ఇది తొండి కాక మరేమిటి?" ఈ మాటలో బాధ ఉంది, కాదనను. కానీ వాళ్ళను నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. మూడు బుట్టలు వేసినవాడికి కంప్యూటర్ ఇచ్చే మంట మాటేమిటి? అదీ కంప్యూటర్ సాయమే కదా! ముందున్నవాడిని ఇంకా ముందుకు తోసే సాయం. అలుపు లేకుండా చేస్తుంది, గురి తప్పకుండా చేస్తుంది, చివరికి తప్పు చేసినా తప్పు కాదంటుంది. దాన్ని ఎవరూ తొండి అనరు. దాన్ని ప్రతిభ అంటారు, చప్పట్లు కొడతారు, ఆట మొత్తానికి అదే అందం అంటారు. గెలిచేవాడికి ఇస్తే ప్రతిభ, వెనకబడినవాడికి ఇస్తే మోసమా? ఒకే ఆటలో, ఒకే కంప్యూటర్ చేసే రెండు పనులకు రెండు పేర్లు ఎలా వచ్చాయో ఆలోచించండి.

ఇంకో సంగతి. ఆసరా అంటే ఊరికే పాయింట్లు ఇవ్వడం కాదు. చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాడిని "ఆటలో అరటిపండు" అంటాం. వాడు అవుటైనా అవుట్ కాదు, కొట్టినా లెక్క లేదు. వాడు ఆటలో ఉన్నట్టే ఉంటాడు గానీ నిజానికి లేడు. జామ్‌లో వెనకబడినవాడు అలాంటి అరటిపండు కాదు. బంతిని లాక్కోవలసింది వాడే, పరుగెత్తవలసింది వాడే, సరైన సమయానికి విసరవలసింది వాడే. కంప్యూటర్ వాడి చేతిలోకి బంతి తెచ్చిపెట్టదు. విసిరిన బంతికి ఇంకాస్త అవకాశం ఇస్తుందంతే. స్కోరు సమానమైతే ఆ ఆసరా కూడా ఉండదు. ముందుకు వెళ్ళాడా, ఇక ఆసరా ఎదుటివాడిది. పోయినవారం సీనియర్ల చేతిలో ఇరవై పాయింట్ల తేడాతో ఓడిన జూనియర్ ఈ వారం మళ్ళీ గ్రౌండుకు వస్తాడా రాడా అన్నది ఇలాంటి చిన్న అవకాశం మీదే ఆధారపడి ఉంటుంది.

"అదంతా దయతో చేసింది కాదు, నాణేల కోసం చేసింది" అని కొందరు అంటారు. నిజమే. పార్లర్లో ఆట సాగుతున్నకొద్దీ నాణేలు వేస్తూ ఉండాలి. ఒకడు చిత్తుగా ఓడిపోతే జేబులో చెయ్యి పెట్టడు, ఇంటికి పోతాడు. ఇద్దరికీ ఆశ ఉంటేనే డబ్బా నిండుతుంది. వ్యాపారం కోసమే చేశారనుకుందాం. అయినా అందులో ఒక నిజం బయటపడలేదా? ఓడిపోయేవాడు వెళ్ళిపోతే గెలిచేవాడికి కూడా ఆట లేదు! ఇదే ఆట ఇళ్ళలో టీవీకి తగిలించుకుని ఆడే రూపంలో 1994లో వచ్చినప్పుడు, ఈ సాయాన్ని పేరు పెట్టి మరీ మెనూలో చూపించారు. ఇద్దరూ సమానమైన గట్టివాళ్ళయితే దాన్ని ఆపుకుని ఆడుకోవచ్చు. అందరికీ కనబడేలా పెట్టి, కావాలంటే ఆపుకోమన్నదాన్ని తొండి అని ఎలా అంటాం?

మరి ఈ ఆటలో తొండే లేదా? ఉంది. అది చాలామందికి చాలాకాలం తెలియలేదు.

మార్క్ టర్మెల్ మిషిగన్ రాష్ట్రం మనిషి, అక్కడి డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు వీరాభిమాని. పిస్టన్స్‌కు, చికాగో బుల్స్‌కు ఉప్పూ నిప్పూ. 1988, 1989, 1990 సంవత్సరాల్లో ప్లేఆఫ్ పోటీల్లో పిస్టన్స్ బుల్స్‌ను ఓడించింది. 1991లో బుల్స్ వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి పగ తీర్చుకుంది. ఆ కడుపుమంట టర్మెల్‌లో మిగిలిపోయింది. ఆటలో పిస్టన్స్‌తో బుల్స్ తలపడి, స్కోరు దగ్గరగా ఉండి, చివరి క్షణంలో బుల్స్ ఆటగాడు బంతి విసిరితే అది పడకుండా ప్రోగ్రాములోనే రాసిపెట్టాడు. చికాగోలో కూర్చుని చికాగో జట్టుకే గొయ్యి తవ్వాడన్నమాట! ఏళ్ళు గడిచాక ఈ సంగతి ఆయనే ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పాడు. అభిమానుల్లో ఎక్కువమంది కూడా దాన్ని సరదా కథగా చెప్పుకుని నవ్వుకుంటారు.

నాకు మాత్రం నవ్వు రాదు. పదో తరగతిలో ఉండగా మా హాస్టల్ వాలీబాల్ జట్టు ఒక పోటీకి వెళ్ళింది. గీత మీద పడిన మా బంతి ప్రతిసారీ "అవుట్", ఎదుటివాళ్ళది ప్రతిసారీ "ఇన్". తిరుగు ప్రయాణంలో మాలో ఎవరూ రెఫరీని తిట్టలేదు. మన సర్వీసు బాగాలేదు, మన ఎత్తు చాల్లేదు అని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. రహస్య పక్షపాతం చేసే అసలు నష్టం ఇదే. ఓడినవాడు తన మీద తానే నమ్మకం పోగొట్టుకుంటాడు. పార్లర్లో చివరి బంతి తప్పిన చికాగో పిల్లవాడు కూడా తన వేళ్ళనే తిట్టుకుని ఉంటాడు. ప్రోగ్రాములో తన జట్టు పేరు రాసి ఉందని వాడికేం తెలుసు?

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కంప్యూటర్ సాయం నీ పేరు అడగదు, నీ ఊరు అడగదు. ఎంత వెనకబడ్డావని మాత్రమే చూస్తుంది. ఎవరు వెనకబడితే వారికి వర్తిస్తుంది. టర్మెల్ రాసిన శాపం స్కోరు, సమయం చూసినా, ముందుగా చూసేది పేరు. బుల్స్ అయితేనే బంతి పడదు. అవసరాన్ని చూసి, అందరికీ ఒకేలా, నలుగురికీ తెలిసేలా ఇచ్చేది ఆసరా. పేరు చూసి, చీకట్లో, ఎవరికీ చెప్పకుండా చేసేది తొండి. చిత్రమేమిటంటే, ఆసరాను తిట్టే అభిమానులే తొండిని చూసి నవ్వుతారు. ఈ వరస మారాలన్నదే నా అభిప్రాయం.

తమ్ముళ్ళారా! సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు మీకు దొరికేది ఒక గంట ఆట. పదో తరగతి వాళ్ళు ఆరో తరగతి వాళ్ళతో ఆడేటప్పుడు ముందే అయిదు పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టండి. ఇస్తున్నామని అందరి ముందూ చెప్పండి. తీసుకునేవాడు సిగ్గుపడనక్కరలేదు, ఇచ్చేవాడు గొప్పలు పోనక్కరలేదు. అలా ఇచ్చాక గెలవడానికే ఆడండి, జాలిపడి ఓడిపోకండి. కానీ అంపైరుగా నిలబడినవాడు తన రూమ్మేట్ బంతిని ఒకలా, పక్క రూమువాడి బంతిని ఇంకోలా చూస్తే మాత్రం అక్కడే ఆట ఆపండి. అలా ఆపినందుకు ఆరోజు ఒక ఆట పోయినా ఫరవాలేదు. మర్నాడు అందరూ మళ్ళీ గ్రౌండుకు వస్తారు.