రోహిణి లెక్క భాద్రపదంలో

ఈపాటికి మీ ఇంట్లోనూ ఫ్యాను ఒక పాయింటు తగ్గే ఉంటుంది. తెల్లవారుజామున కాళ్ళ దగ్గర దుప్పటి కోసం తడుముకుంటున్నారేమో కూడా. భాద్రపదం సగం దాటింది, ఉండ్రాళ్ళ తద్దె వచ్చేసింది, ఇంకో పదిపన్నెండు రోజులకి ఆశ్వయుజం, శరదృతువు. చిలకలూరిపేట వైపో పర్చూరు వైపో బస్సులో వెళ్ళి చూడండి, నల్లరేగడి చేలల్లో పత్తి పూత మీద ఉంది. ఇవాళ పొద్దున లేతపసుపుగా విచ్చిన పువ్వు రేపటికి గులాబి రంగు తిరిగి ముడుచుకుంటుంది. పక్క చేలో ఆడవాళ్ళు వంగి మిరప నారు నాటుతున్నారు. కళ్ళకింత చల్లగా ఉన్న వేళ మే నెల మాట ఎత్తితే "ఇప్పుడెందుకండీ ఆ గోల" అంటారు మీరు. నేనేమో ఇప్పుడే ఎత్తాలంటాను.

ఎందుకంటే, మనకి మరుపు ఎక్కువ. పురుటినొప్పులూ రోహిణి ఎండా గుర్తుపెట్టుకుంటే ఆడది సంసారం చెయ్యలేదని మా అత్తగారు అంటుండేవారు. మృగశిరలో నాలుగు చినుకులు పడి మట్టి వాసన వచ్చిందంటే చాలు, రాత్రంతా గోడలు సెగలు కక్కిన సంగతి, పిల్లలు నేల మీద తడిబట్ట పరుచుకుని పడుకున్న సంగతి అన్నీ మరిచిపోతాం. మళ్ళీ ఉగాది పచ్చడి తిన్నాక గుర్తొస్తుంది, కూలర్లో గడ్డి మార్పించాలని. అప్పటికి గడ్డి మార్చేవాడు దొరకడు, దొరికినా చెప్పిందే ధర.

సరే, ముందు జాడీల సంగతి చూద్దాం. వేసవి మనకి మిగిల్చింది అదేగా! ఈ వానల నెలలో ఒకసారి అన్ని జాడీలూ మూత తీసి చూడండి. ఆవకాయలో ముక్క పైకి తేలి నూనె కిందికి దిగి ఉంటే పప్పునూనె కాచి, పూర్తిగా చల్లారాక ముక్క మునిగేదాకా పొయ్యండి. వేడి మీద పోశారో ఆవ ఘాటు పోతుంది. జాడీ అంచు చుట్టూ పేరుకున్న పిండిని పొడిగుడ్డతో తుడిచెయ్యండి, బూజు అక్కడే మొదలవుతుంది. పట్టిన బూజు లోపలికి దిగిందనిపిస్తే మొహమాటపడకండి, పారబొయ్యండి. పైపైన తీసేసి మిగతాది మొగుడికీ పిల్లలకీ వెయ్యక్కర్లేదు, మనమూ తినక్కర్లేదు. ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు, చింతపండు ఎండ కాసిన రోజు చూసి ఒక్కపూట పెట్టి తియ్యండి. ఎండుమిరపకాయల సంచీలో చెయ్యి పెట్టి చూస్తే మెత్తగా తగిలాయంటే తేమ పట్టిందన్నమాట. లోపల నల్లగానో తెల్లగానో బూజున్న కాయని కారంలో కలపకండి, ఆ బూజు నుంచి పుట్టే విషం కాచినా వేయించినా పూర్తిగా పోదు. గుంటూరు చుట్టూ ఊరికే కట్టలేదు కదా అన్ని ఏసీలు! యార్డులో అమ్ముడుపోని టిక్కీలు అందులో దాచడం రంగు, ఘాటు పోకుండా ఉండటానికే. మనకి ఏసీ లేదు కాబట్టి గాలి చొరని డబ్బా ఒకటి చాలు. 2021-22లో నల్లతామర పురుగు వచ్చి మిరప తోటలు తుడిచిపెట్టుకుపోయినప్పుడు గుప్పెడు కాయల్ని ఎంత భద్రంగా చూసుకున్నామో గుర్తుందా?

జాడీలు చూశారు. ఇప్పుడు ఆ జాడీలు ఏ రోజు, ఏ వేళప్పుడు పెట్టారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

మా వీధిలో ఒకావిడ ఉంది. పేరు రాయను, ఆవిడ ఈ పేజీ చదువుతుంది. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి, బీపీ మాత్ర వేసుకుంటుంది, వంటిల్లు రేకులది. మొన్న రోహిణి కార్తెలో ఊళ్ళో పిల్లలందరూ వచ్చి వెళ్ళేలోపల హైదరాబాదుకొకటి, బెంగుళూరుకొకటి, అమెరికా పార్సిల్‌కొకటి అని మూడు జాడీలు పెట్టాలని కూర్చుంది. తెల్లవారుజామున వడియాలకి పిండి ఉడికించి మేడెక్కి పెట్టింది. దిగి వచ్చి కాయలు తుడిచి ముక్కలు కొట్టించింది. పన్నెండింటికి అన్నం, పప్పు, పులుసు. అందరికీ వడ్డించి, తను రెండు ముద్దలు తిని, గుండిగలో కారం, ఆవపిండి కలపడానికి మళ్ళీ వంటింట్లోకే వెళ్ళింది. మూడింటికి కోడలు వెళ్ళి చూస్తే గోడకి చేరగిలబడి ఉంది. పిలిస్తే ఏదో సంబంధం లేని మాట అంటోందిట. చెమట లేదు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆ కోడలు చదువుకున్న పిల్ల కాబట్టి గబగబా తడి తువ్వాలు కప్పి, ఫ్యాను పెట్టి, ఆటో పిలిచింది. రెండు రోజులు సెలైన్లు ఎక్కించాక ఇంటికొచ్చింది, దేవుడి దయవల్ల.

చూడటానికి వెళితే ఆవిడ భర్త నాతో అన్నమాట ఇది: "ఇంట్లోనే ఉందిగా అమ్మా, గడప దాటలేదు, ఎండెక్కడ తగిలింది దీనికి?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనొక్కడే కాదు, మనమూ అలాగే అనుకుంటాం. వడదెబ్బంటే పొలంలోనో రోడ్డు మీదో తగిలేదని, ఇంట్లో ఉన్నవాళ్ళు నీడపట్టున సుఖంగా ఉన్నట్టేనని. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకి మూడు వేల మందికి పైగా పోయారు. 2015 మే నెలలో మన రాష్ట్రంలోనే మళ్ళీ వెయ్యి దాటింది లెక్క. ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు. ఎండన పడి పోయినవాళ్ళయితే లెక్కకొస్తారు. వంటింట్లో సొమ్మసిల్లి, నాలుగు రోజుల తరువాత పోయిన ముసలమ్మని "గుండె ఆగిపోయింది" అనే అంటారు చాలా ఇళ్ళల్లో.

ఎండ ఇంట్లోకి ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా? పగలంతా స్లాబు వేడిని తాగుతుంది, రాత్రి పదింటి నుంచి దాన్ని మన మీదకి వదులుతుంది. రేకులయితే అంత ఆలస్యం కూడా చెయ్యవు. అందులో పొయ్యి వెలుగుతూ ఉంటుంది, పోపు ఎగిరిపోతుందని ఫ్యాను కట్టేస్తాం. రెంటచింతల వైపు పొడి ఎండ, గాలి కూడా నిప్పులా కొడుతుంది. బాపట్ల, చీరాల వైపు అంత ఎండ ఉండదు కానీ ఉక్క. చెమట ఆరదు, చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. రెండూ ప్రమాదమే. పైగా మనకో అలవాటుంది, పని అయ్యాక తాగుదాంలే అని మంచినీళ్ళు కూడా వాయిదా వేస్తాం. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపించేవి ఉంటాయి. అలాంటివి వేసుకునేవాళ్ళు ఫాల్గుణంలోనే ఒకసారి డాక్టరుని అడిగి పెట్టుకోవాలి, ఎండల్లో ఎలా వాడమంటారని. మీ అంతట మీరు మానెయ్యకండి.

తలనొప్పి, కాళ్ళ పిక్కలు పట్టెయ్యడం, వాంతి వచ్చినట్టుండటం, ఇవి మొదటి గుర్తులు. అక్కడే పని ఆపి నీడన పడుకుని లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలగొట్టి. మజ్జిగలో ఉప్పు వేసుకున్నా మంచిదే. మాట తడబడినా, పిలిస్తే పలక్కపోయినా ఇక ఇంటి వైద్యం కాదు, 108కి ఫోను చెయ్యాలి. అది వచ్చేలోగా మెడ, చంకలు, గజ్జలు తడిబట్టతో తుడుస్తూ గాలి వెయ్యండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్ళు మాత్రం పొయ్యకండి.

ఇక ఇప్పుడు చెయ్యాల్సినవి. ముందు చెట్టు. నేల తడిగా ఉంది, ఆశ్వయుజం, కార్తీకాల్లో మన వైపు, ముఖ్యంగా ఒంగోలు వైపు, వానలు బాగా పడతాయి. మీ ఇంటికి పడమటి వైపు మూడు గజాల జాగా ఉంటే ఇప్పుడే కానుగ మొక్క నాటండి. కానుగ చలికాలం చివర ఆకు రాల్చినా, ఎండలు ముదిరే వేళకి కొత్త చిగురుతో నిండుగా ఉంటుంది. అందుకే మన పాత రోడ్ల పక్కన, బడుల ముందు అదే ఉంటుంది. వేపయినా సరే, కాకపోతే గోడకి మరీ దగ్గరగా వద్దు. జాగా లేనివాళ్ళు పడమటి కిటికీ ముందు పందిరి వేసి బీరపాదో మల్లె తీగో పాకించండి.

రెండోది మేడ. అహమదాబాదులో 2010లో ఎండలకి చాలామంది పోయాక 2013లో ఆ ఊరివాళ్ళు ఎండలకని ప్రత్యేకంగా ఒక ప్రణాళిక పెట్టుకున్నారు. ఇళ్ళ పైకప్పులకి తెల్లరంగు వేయించడం కూడా తరువాత అందులో చేరింది. తెలంగాణలో 2023లో చల్లటి పైకప్పుల కోసమని ఒక విధానమే తెచ్చారు. మనకి అంత దూరం పోనక్కర్లేదు, సున్నపు బట్టీల ఊరు పిడుగురాళ్ళ మనదేగా! తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, కింద గది చల్లబడుతుంది, అంతే సంగతి. అయితే ఇప్పుడు సున్నం కొట్టిస్తే రాబోయే వానలకి కొట్టుకుపోతుంది. ఇప్పుడు చెయ్యాల్సింది, వాన కురిసిన మర్నాడు మేడెక్కి ఎక్కడ నీళ్ళు నిలబడుతున్నాయో, ఎక్కడ పగుళ్ళున్నాయో చూసుకుని బొగ్గుతో గుర్తు పెట్టడం. సంక్రాంతి వెళ్ళాక పగుళ్ళు పూడ్పించి సున్నం వేయించండి. ఆ డబ్బు చీటీ పాట డబ్బుల్లోంచి ఇప్పుడే పక్కన పెట్టండి, దీపావళి దాటితే అది మన చేతిలో ఉండదు.

మూడోది పనుల వేళలు. ఆవకాయ రోహిణిలోనే పెట్టాలని శాస్త్రమేమీ లేదు. కాయలో టెంక గట్టిపడితే చాలు, వైశాఖం మొదట్లోనే పెట్టుకోవచ్చు. రోళ్ళు పగిలే ఎండని తెలిసి తెలిసీ ఆ రోజులకే ఎందుకు మిగుల్చుకోవాలి? ముక్కలు కొట్టడం, కలపడం సాయంత్రం ఆరు తరువాత పెట్టుకుంటే కొంపలేం మునగవు. మధ్యాహ్నం వంట పొద్దున ఎనిమిదికల్లా అయిపోవాలి, వేడి అన్నం కావాలన్నవాళ్ళకి చల్ది అన్నం రుచి చూపించండి. జాడీలు ముగ్గురు పిల్లలకి కావాలంటే, ముగ్గురు పిల్లల్లో ఒకరు వచ్చి ముక్కలు తుడవాలి. అల్లుడయినా పరవాలేదు, కారం చేతికంటితే మగవాడికీ మండుతుందంతే.

ఇంకొక్క మాట చెప్పాలి. ఆ కారం మన జాడీలోకి రావడానికి ముందు ఎన్ని చేతులు దాటింది? కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి మన చేల గట్ల మీద గుడారాలు వేసుకుని కాయ కోసినవాళ్ళు కొందరు. కల్లంలో తాలు ఏరినవాళ్ళు కొందరు. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని రోజంతా తొడిమలు తీసిన ఆడవాళ్ళు కొందరు. వాళ్ళలో చాలామంది పొద్దుటి నుంచి నీళ్ళు సరిగ్గా తాగరు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, అక్కడ మరుగు ఉండదు కనక. వాళ్ళ సంగతి ఎవరు చూడాలో వాళ్ళు చూడాలి, యార్డు వాళ్ళు, ఆసాములు. మన చేతిలో ఉన్నది మన ఇంటికొచ్చే పనిమనిషి. అందరిళ్ళల్లో అయ్యాక మన ఇంటికి మధ్యాహ్నం రెండింటికొస్తుంది, మనం తలుపు వేసుకుని నడుం వాల్చే వేళకి. పెరట్లో రేకు కింద కూర్చుని, ట్యాంకులోంచి సలసలా వచ్చే నీళ్ళతో అంట్లు తోముతుంది. ఏప్రిల్, మే రెండు నెలలు ఆవిడని పొద్దున ఆరున్నరకో సాయంత్రం అయిదున్నరకో రమ్మందాం. రాత్రి గిన్నెలు నానబెట్టుకోవడం మనకి కొంచెం కష్టమే, అయినా ఫరవాలేదు. ఇప్పుడు మాట అనుకుంటే మిగతా ఇళ్ళవాళ్ళతో సర్దుకునే వ్యవధి ఆవిడకి ఉంటుంది.

మా వీధి ఆవిడ మళ్ళీ తిరుగుతోంది. పోయిన వారం వాళ్ళాయన పెరట్లో పడమటి గోడకి అవతల గుంట తీయించాడు. కానుగా, వేపా అని ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. మీ ఇంట్లో ఎండాకాలం మూడింటికి చల్లగా ఉండే చోటు ఏది, ఎందువల్ల చల్లగా ఉంటుందో ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. పనికొచ్చేవి మాఘమాసంలో, సున్నం తడిపే ముందు, ఈ పేజీలో వేస్తాను.